సైన్సు సారింటి చేపలు

చేవెళ్ల హైస్కూలులో సైన్సు చెప్పే భద్రేశ్వరరావు ఇంటి ముందుగదిలో ఒక గాజు తొట్టి ఉండేది. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, సందులకు లప్పం పెట్టిన తొట్టి. నాంపల్లిలో ఎవరో పాత జాగీర్దారు వారసులు ఇంటి సామాను అమ్ముకుంటుంటే కొని, మెహదీపట్నంలో బస్సెక్కించి, దారి పొడుగునా పక్కనే నిలబడి రెండు చేతులా పట్టుకుని తెచ్చుకున్నాడాయన. అందులో నల్ల మోలీలు, ఎర్ర కత్తితోకలు, గోరంత గప్పీలు, వెడల్పాటి రెక్కల ఏంజిల్ చేపలు రెండు, అన్నీ కలిపి ముప్ఫై దాకా తిరుగుతుండేవి. అడుగున హిమాయత్‌సాగర్ ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాళ్లు, వాటి మధ్య నాచు, నాచు మీద నత్తలు. తాలూకా కచేరీకి పని మీద వచ్చిన పల్లెటూరి జనం కూడా ఆ కిటికీ దగ్గర ఒక నిమిషం నిలబడి చూసి పోయేవారు.

అరవై తొమ్మిది జనవరి తర్వాత ఆ కిటికీ మూతపడింది. తెలంగాణ కావాలని ఊరేగింపులు మొదలయ్యాయి, బడికి తాళం పడింది. భద్రేశ్వరరావుది తుని దగ్గర పల్లె. "ఆంధ్రా ఉద్యోగులు వాపసు పోవాలె" అని ఆయన గోడ మీద ఎవరో తారుతో రాసి పోయారు. ఆయన భార్య రుక్మిణమ్మ పగలు కూడా తలుపుకు గొళ్లెం పెట్టుకుని కూర్చునేది.

ఆ ఇంటికి రోజూ వచ్చిపోయే స్థానికులు ఇద్దరే మిగిలారు. ఒకరు నీళ్లు మోసే సారమ్మ. రెండోవాడు సారమ్మ అక్క కొడుకు ప్రేమదాసు, బడి ల్యాబులో అటెండరు.

ప్రేమదాసు పద్నాలుగేళ్లుగా ఆ ల్యాబులో సీసాలు కడుగుతున్నాడు. ఏ సీసాలో ఏముందో, దేంట్లో ఏది కలిపితే ఏ రంగు వస్తుందో కొత్తగా వచ్చిన మాస్టర్లకు అతనే చెప్పేవాడు. మెట్రిక్ పాసయ్యాడు. నాలుగేళ్ల కింద ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయితే తనకే వస్తుందనుకున్నాడు. ఎక్కడివాడో ఒకడు స్థానికుడినని ముల్కీ సర్టిఫికెట్ సంపాదించుకొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఊరేగింపు పోతుంటే ప్రేమదాసుకు నోరు లేచేది, ఉద్యోగం గుర్తొచ్చి మూసుకునేది. భద్రేశ్వరరావు మాత్రం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు కాలేజీ మెట్లెక్కి ఉంటే నాకు పైవాడివయ్యేవాడివోయ్" అనేవాడు. ఆ మాట కోసమే ప్రేమదాసు వారానికి రెండు మూడుసార్లు ఆ గడప తొక్కేవాడు.

సారమ్మది ఆలూరు. భర్త పోయాక చేవెళ్లకు వచ్చి, చర్చి వెనుక గుడిసె వేసుకుని నాలుగిళ్లకు నీళ్లు మోసి బతికేది. తొట్టి కడగడం, నీళ్లు మార్చడం కూడా ఆమె పనే. రెండు ఏంజిల్ చేపలకు బైబిల్లోని అక్కచెల్లెళ్లు మార్త, మరియల పేర్లు పెట్టుకుంది. ఒకటి ఎప్పుడూ తిరుగుతుంది, ఒకటి నిలబడి చూస్తుంటుంది, అందుకని.

జూన్ మొదట్లో మిరుగం కార్తె నాడు మొదటి వాన పడింది. ఆ మర్నాడే బావి దగ్గర సైకిల్ షాపు కొమురయ్య ఆమెను ఆపాడు. ఉద్యమంలో ముందుండే మనిషి, చెడ్డవాడు కాదు, కానీ మాట పట్టింపు ఎక్కువ.

"సారక్కా, ఆంధ్రోళ్లింటికి నీళ్లు మోసుడు ఇయ్యాల్టికెల్లి బంద్."

"ఆడ ఒక్క ఆడిమనిషి తలుపేసుకోని కూసుంటది కొమురయ్యా. ఆమె గొంతు ఎండితె నీకు రాష్ట్రమొస్తదా?"

"వస్తదో రాదో నాకెరుక. నువ్వు మాత్రం మోయొద్దు."

మూడో రోజు పొద్దున సారమ్మ బావి గట్టున పెట్టిన కుండ పగిలి ఉంది. ఎవరు పగలగొట్టారో ఎవరూ చెప్పలేదు. తాగే నీళ్లు సారే బడి బావి నుంచి ఒక బిందెడు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మరి చేపలకు? సారమ్మ ఆలోచించి, ఆ ఇంటి పెరట్లో చూరు కింద రేకు దోనె వేలాడగట్టి, దాని కింద రుక్మిణమ్మ పుట్టింటి రాగి గంగాళం పెట్టింది. ఏడాది పొడుగునా బావి నీళ్లు తేరుకోవడానికి పోసి పెట్టేది అందులోనే. రెండు వానలకు గంగాళం నిండింది.

అయినా పోయడానికి ముందు ఆమె ప్రేమదాసును అడిగింది.

"వాన నీళ్లు చాపలకు పడతయా బిడ్డా?"

"పడకేమయితది చిన్నమ్మా? వాన నీళ్లంటె డిస్టిల్ వాటర్ లెక్క. మా ల్యాబుల గసుంటి నీళ్ల కోసమే గంటలకొద్ది స్టవ్ ముంగట కూసుంట. దానికి మించిన నీళ్లు లేవు."

సారమ్మ సంతోషపడి పోయింది.

వారం తిరగకుండానే చేపలు చావడం మొదలైంది. ముందు ఒక మోలీ, మర్నాడు రెండు కత్తితోకలు. పొద్దున లేచి చూస్తే పైకి తేలి, పొట్ట తిప్పుకుని ఉండేవి. బతికున్నవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ, రాళ్లకు ఒళ్లు రాసుకుంటూ ఉండేవి. భద్రేశ్వరరావు తెలిసినవాడే కనుక వరసగా చూసుకుంటూ వచ్చాడు. మేత ఎక్కువై కుళ్లిందేమోనని మూడు రోజులు మేత ఆపాడు. ఒంటి మీద మచ్చలు, బూజు ఉన్నాయేమోనని భూతద్దం పెట్టి చూశాడు, ఏమీ కనిపించలేదు. కొత్త చేప ఏదైనా రోగం తెచ్చిందా అంటే, ఆర్నెల్లుగా కొత్తది వేసిందే లేదు. దోమల మందు ఇంట్లో కొట్టలేదు. చచ్చినప్పుడల్లా తొట్టిలో సగం నీళ్లు తీయించి కొత్త నీళ్లు పోయించేవాడు. పోయించిన మర్నాడు ఇంకా ఎక్కువ చచ్చేవి. నెలాఖరుకు పన్నెండు పోయాయి.

పన్నెండోది మార్త. ఆ రోజు ప్రేమదాసు వెళ్లేసరికి రుక్మిణమ్మ చేపను తామరాకులో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమిటోయ్ ఇది?" అన్నాడు భద్రేశ్వరరావు. "అన్నీ చూశాను. జబ్బు కాదు. మేత కాదు. నీళ్లు మార్చిన ప్రతిసారీ చస్తున్నాయి. ఎవరైనా ఏదైనా కలుపుతున్నారంటావా?"

ప్రేమదాసు తొట్టి ముందు కూర్చుని ముక్కు చిట్లించి చూశాడు. తెలియదని అనవచ్చు. కానీ సారు అడుగుతున్నాడు, సారు భార్య కూడా అతని మొహంలోకే చూస్తున్నది. తెలియదనడం అతనికి చేతకాలేదు.

"చెప్పలేం సార్. ఎండ్రిన్ గిట్ల పడితె మాత్రం గిట్లనే సస్తయి. నోరు తెర్సుకోని, ఒళ్లు గీక్కుంట. పత్తి చేన్ల మందు. ఒక్క చుక్క చాలు."

తొట్టిలో చెయ్యి పెట్టేది ఒక్క సారమ్మే అన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ప్రేమదాసు గబుక్కున లేచాడు. "అంటె, అదేనని కాదు సార్," అన్నాడు. ఆ మాట ఎవరూ విన్నట్టు లేదు.

మర్నాడు సారమ్మ వచ్చేసరికి భద్రేశ్వరరావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నువ్విక రానక్కర్లేదు సారమ్మా."

"ఏమైంది సార్?"

"ఏమైందో నీకే తెలియాలి. మా మీద కోపముంటే మమ్మల్ని తిట్టండి, రాళ్లేయండి. నోరులేని చేపల్ని ఎందుకు చంపడం?"

సారమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గుమ్మం దాటి చూడబోయింది, లోపల రుక్మిణమ్మ మొహం తిప్పుకుంది. "అమ్మా, నత్తలు ముందుగాల సచ్చినయి, నేను నీకు చెప్పలేదా? చాపల కంటె ముందు నత్తలు..." అంటుండగానే తలుపు పడింది.

ఆ సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. నిందకు కాళ్లుంటాయంటారు. దీనికి రెండు దిక్కులా నడిచే కాళ్లున్నాయి. డాక్టరు గారింట్లో, కచేరీ గుమాస్తా ఇంట్లో ఆమెను మానేయమన్నారు. తిట్టలేదు. "విషం చెయ్యి అంటున్నారు, మాకెందుకొచ్చిన తంటా" అని మాత్రం అన్నారు. ఇక రెండో దిక్కు ఏమిటంటే, మర్నాడు కచేరీ ముందు నుంచి పోతుంటే కొమురయ్య షాపులోంచి దిగి వచ్చి దండం పెట్టాడు.

"శెభాష్ సారక్కా! నేను నిన్ను తప్పు పట్టిన. మేము గోడల మీద రాసుడు కాడనే ఉన్నం, నువ్వు ఇంట్లకు పోయి దెబ్బ కొట్టినవ్."

"నేను చెయ్యలేదయ్యా! దేవుని తోడు, నేను చెయ్యలేదు."

"గట్లనే అను, గట్లనే అనాలె" అని కన్ను గీటాడు కొమురయ్య. అక్కడున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. బావి దగ్గర ఆడవాళ్లు జరిగి ఆమెకు చోటిచ్చారు. ఎవరో కొత్త కుండ కూడా తెచ్చి ఇచ్చారు. ఆమె ఆ కుండను అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చిలో సంఘ పెద్ద మల్లప్ప ఆమెను పక్కకు పిలిచాడు. తెల్ల ధోవతి, నెమ్మది మాట. ప్రభు భోజనంలో రొట్టె విరిచే ముందు, చేసిన తప్పు ఒప్పుకోమన్నాడు.

"చెయ్యనిది ఏమని ఒప్పుకోవాలె పెద్దయ్యా?"

"మంచిది. మనసు మెత్తబడేదాక ప్రభువు బల్ల కాడికి రాకు బిడ్డా. ఊరి మాట ఊరికే పుట్టదు."

ప్రేమదాసు మూడో వరస చాప మీద కూర్చుని ఇదంతా విన్నాడు. చిన్నమ్మ అతని వైపు చూసింది. "వీడు చదువుకున్నోడు, వీన్నడుగుండ్రి" అన్నట్టు చూసింది. అతను పాటల పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు.

ఇక్కడొక విచిత్రం జరిగింది. సారమ్మను మానిపించిన తర్వాత కూడా చేపలు చస్తూనే ఉన్నాయి. "రాళ్లలో విషం ఇంకిపోయింది" అని భద్రేశ్వరరావు తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు వేడినీళ్లలో ఉడకబెట్టి, అద్దాలు తుడిచి, గంగాళంలోని వాన నీళ్లే తెచ్చి తొట్టి నింపాడు. రెండు రోజుల్లో మరియతో సహా పెద్దవన్నీ పోయాయి. ముందే తాగే నీళ్ల సీసాలో తీసి పెట్టిన తొమ్మిది గప్పీలు మాత్రం మిగిలాయి.

అప్పుడు ప్రేమదాసు లెక్క వేసుకున్నాడు. తొట్టి కడిగింది సారు, నీళ్లు పోసింది సారు. విషం పోసే చెయ్యి ఇంట్లో లేనేలేదు. మరి ఏది చంపుతున్నది?

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ గుడిసెకు పోయాడు. ఆమె అన్నం వండుకోలేదు, పొయ్యి చల్లగా ఉంది.

"నత్తలు ముందు సచ్చినయన్నవు గద చిన్నమ్మా. ఎప్పుడు?"

"వాన నీళ్లు పోసిన రెండో రోజు. ఇరవై దాక ఉండె. ఒక్కటి గూడ మిగల్లె. ఎండకాలమంత బావి నీళ్లు పోస్తె కుప్పలు కుప్పలు పెరిగినయి." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఎందుకడుగుతున్నవ్? నీకేమన్న తెలిసిందా?"

"ఏం లేదు. ఊకెనే."

నత్తల్ని ముందు చంపేది ఏదో అతనికి తెలుసు. నత్తలు పెరిగిన మడుగులో మైలుతుత్తం చల్లడం పొలాల్లో చిన్నప్పటి నుంచి చూసినదే. మైలుతుత్తమంటే రాగి. కానీ రాగి గంగాళం ఏడాదిగా అక్కడే ఉంది, అప్పుడు చావనివి ఇప్పుడెందుకు చచ్చాయి?

రెండు రోజులు ఆలోచించి, గప్పీల సీసా అడిగి తెచ్చుకున్నాడు. తాళం తీసి ఒంటరిగా ల్యాబులో మూడు గాజు జాడీలు పెట్టాడు. ఒకదాంట్లో బావి నీళ్లు, రెండోదాంట్లో మట్టికుండలో పట్టిన వాన నీళ్లు, మూడోదాంట్లో గంగాళంలో రెండు రోజులు నిలిచిన వాన నీళ్లు. ఒక్కొక్కదాంట్లో మూడేసి గప్పీలు. మర్నాడు సాయంత్రానికి మూడో జాడీలో మూడూ తేలాయి. మిగతా ఆరూ తిరుగుతూనే ఉన్నాయి.

గంగాళం నీళ్లు ఒక బకెట్టు తెచ్చి కిరోసిన్ స్టవ్ మీద పెట్టి, పొద్దుటి నుంచి మూడు గంటల దాకా మరిగించాడు. చివరికి రెండు చెంచాలు మిగిలాయి. అందులో అమ్మోనియా చుక్కలు వేశాడు. నీళ్లు నీలంగా మారాయి. రాగి ఉందనడానికి గుర్తుగా పిల్లలకు ఏటేటా పరీక్షనాళికలో చూపించే నీలమే అది.

మిగిలిన సంగతి రుక్మిణమ్మను మాటల్లో పెట్టి తెలుసుకున్నాడు. బావి నీళ్లు సున్నపు నీళ్లు, ఏడాదిగా గంగాళం లోపల తెల్లటి గట్టి పొర కట్టాయి. ఆ పొర ఉన్నంతకాలం రాగి నీళ్లలోకి దిగలేదు. గొడవలు మొదలయ్యాక ఇంట్లో ఒంటరిగా తలుపేసుకుని కూర్చున్న రుక్మిణమ్మ, చెయ్యి ఊరకే ఉంటే భయమేస్తున్నదని, ఉన్న గిన్నెలన్నీ రోజూ తోముకుంటూ కూర్చుంది. చింతపండు పెట్టి గంగాళం లోపలంతా అద్దంలా తోమింది. ఆ తోమిన రాగిలో ఏ లవణమూ లేని వాన నీళ్లు నిలిచాయి, అలాంటి నీళ్లలోకి రాగి తొందరగా దిగుతుంది. దానికి మించిన నీళ్లు లేవని చెప్పింది తనే.

నీలం నీళ్ల గాజు గొట్టం జేబులో పెట్టుకుని ప్రేమదాసు భద్రేశ్వరరావు ఇంటికి పోయాడు. అంతా చెప్పాడు. వాన నీళ్ల సలహా సంగతి మాత్రం దాటేశాడు.

భద్రేశ్వరరావు గొట్టం వెలుతురుకు పట్టి చూశాడు. సైన్సు మాస్టరు, రెండోసారి చెప్పనక్కర్లేదు. కుర్చీలో కూలబడ్డాడు. తలుపు వెనుక వింటున్న రుక్మిణమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"నా చేతులతో నేనే చంపానా! పాపం, సారమ్మని పిలిపించండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"పిలిచి ఏమని చెబుతావు?" అన్నాడు భద్రేశ్వరరావు. గొంతు చాలా తగ్గించాడు. "రేపీపాటికి ఊళ్లో ఏమంటారో తెలుసా? ఆంధ్రావాళ్లు పేద ముసలిదాని మీద అబద్ధపు నింద వేసి పొట్ట కొట్టారంటారు. నిజమే కదా. మొన్న ఓవర్సీరు ఇంటి మీద రాళ్లు పడ్డాయి, అతనేం చేశాడని? మనం చేసింది తెలిస్తే ఈ ఇంటికి తలుపులు మిగులుతాయా?"

రుక్మిణమ్మ కళ్లు తుడుచుకుని తలుపు గొళ్లెం వైపు చూసింది. భయం నిజమైనదే. ప్రేమదాసు కూడా కాదనలేకపోయాడు.

"ఈ మాట ఈ గదిలోనే ఉండనీ ప్రేమదాసూ. గొడవలు సద్దుమణిగాక నేనే చెబుతాను." ఆగి, నేల వైపు చూస్తూ అన్నాడు: "ల్యాబ్ అసిస్టెంటు పోస్టు మళ్లీ ఖాళీ అయిందిగా. హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు, ఇన్‌చార్జి నేనే. నీ పేరు గట్టిగా రాసి పంపుతాను. అది నీకు ఎప్పుడో రావలసింది."

లంచమిస్తున్నానని ఆయన అనుకోలేదు, తీసుకుంటున్నానని ప్రేమదాసూ అనుకోలేదు. "అట్లనే సార్" అన్నాడు. బయటికి వచ్చి, గొట్టంలో నీళ్లు మోరీలో పారబోశాడు. చెబితే ఎండ్రిన్ మాట ఎవరన్నారని అడుగుతారు. వాన నీళ్లు పోయమన్నదెవరని అడుగుతారు. గొడవలు సద్దుమణిగాక సారే చెబుతానన్నాడు కదా అని మనసుకు చెప్పుకున్నాడు.

ఆ వారమే సారమ్మ మూట కట్టుకుని మొయినాబాద్ పోయింది. అక్కడ ద్రాక్ష తోటల్లో కూలి దొరుకుతుందని ఎవరో చెప్పారట. పోయేముందు అక్క కొడుకుకు చెప్పలేదు.

ఆగస్టులో ఆర్డరు వచ్చింది. బడి గుమాస్తా బాల్‌రాజ్ కాగితం చేతిలో పెడుతూ నవ్వాడు.

"మిఠాయి ఎప్పుడన్నా?"

"సారు రాసినందుకు సారుకు చెప్పాలె" అన్నాడు ప్రేమదాసు.

"ఏ సారు? భద్రేశ్వరరావు సారు రాసిన కాయితమా? అదింక నా ఫైలులనే ఉన్నది. బందులతోని టపా పోతలేకుండె. నీ పేరు సీనియారిటీ లిస్టుల మార్చిలనే ఎక్కింది. ముల్కీ ఖాళీలు ముల్కీలకే ఇయ్యాలని పైకెల్లి ఒత్తిడున్నది. ఎవ్వరు రాయకున్న నీకే వస్తుండె."

ప్రేమదాసు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం వండారు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, గిన్నె పక్కకు జరిపి లేచాడు. నెల చివర ఒక పొద్దున బస్సెక్కి మొయినాబాద్‌లో దిగాడు. అడుగుతూ ఎంకపల్లి బాటలో ఒక తోటకు చేరాడు. పందిళ్ల కింద సారమ్మ కలుపు తీస్తున్నది. మనిషి సగమైంది.

ఆమె లేవలేదు. చేతిలో కొడవలి ఆపింది, అంతే.

"నువ్వు చెయ్యలేదని తెలిసింది చిన్నమ్మా. గంగాళంల రాగి. వాన నీళ్లకు రాగి దిగింది. నేనే పరీక్ష చేసి చూసిన."

"నేను చెయ్యలేదని నాకు తెల్వదా?"

ఆమె గడ్డి పరక ఒకటి పీకి పక్కన వేసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"జులైల."

"ఇప్పుడేం నెల?"

"ఆగస్టు ఆఖరు."

ఆమె కొడవలికి అంటిన మట్టి దులిపింది. అవతల సాళ్లలో ఎవరో ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు.

"నత్తల ముచ్చట అడుగనీకి వచ్చిన నాడే నీ మొకం చూసి అనుకున్న, వీనికేదో ఎరుకైందని. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని వారం కూసున్న. పొయ్యి ముట్టియ్యకుంట కూసున్న."

"తప్పయింది చిన్నమ్మా. ఎండ్రిన్ అని నోరు జారింది గూడ నేనే. వాన నీళ్లు మంచియన్నది గూడ నేనే."

"అది నేను మర్చిపోయిననుకున్నవా? ఆ మాట నేను చెప్తె నీ నౌకరి పోతదని చెప్పలె." ఆమె మొదటిసారి తల ఎత్తి చూసింది. "నాకు చెప్పుకుంటె నీ కడుపుల బరువు దిగుతది. నా బరువు దిగదు ప్రేమదాసూ. చెప్పేది ఉంటె గుడిల నిలబడి చెప్పు. నన్ను బల్ల కాడికెల్లి లేపిన కాడ చెప్పు."

మళ్లీ కలుపులోకి వంగింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అతను కాసేపు పందిరి నీడలో నిలబడి, వచ్చిన దారినే రోడ్డెక్కాడు.

వెంటనే వచ్చే ఆదివారం చెప్పలేకపోయాడు. ఆ పై ఆదివారమూ లేచి, దగ్గి, కూర్చున్నాడు. ఈలోగా భద్రేశ్వరరావుకు కాకినాడ వైపు బదిలీ అయింది. ఎవరికీ ఏమీ చెప్పకుండానే, ఒక పొద్దున సామాను లారీకి ఎత్తించుకుని భార్యతో వెళ్లిపోయాడు. వెళ్లేముందు రుక్మిణమ్మ ఒక చీర కాగితంలో చుట్టి, సారమ్మకు ఇవ్వమని ప్రేమదాసు చేతిలో పెట్టింది. ఎందుకిస్తున్నదో చెప్పలేదు, చెప్పడానికి మొహం చెల్లలేదు.

వాళ్లు పోయిన తర్వాత వచ్చిన ఆదివారం ప్రేమదాసు ప్రసంగం అయ్యాక లేచి నిలబడ్డాడు. గంగాళం, చింతపండు, వాన నీళ్లు, మూడు జాడీలు అన్నీ చెప్పాడు. ఎండ్రిన్ మాట తనదేనన్నాడు. జులైలో తెలిసి సెప్టెంబరు దాకా నోరు మూసుకున్నానన్నాడు. రాగి సంగతి చెబుతున్నప్పుడు వెనక వరసలో ఇద్దరు ముసలివాళ్లు కునికారు. చివర్లో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లకు చేపలు ఎప్పుడో పాతబడిపోయాయి.

మల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"సరే, కూసో. ప్రభువు అన్నీ ఎరుగును. సారమ్మను బల్ల కాడికి రావొచ్చని చెప్పు. ఇగ పాట అందుకోండ్రి."

అంతే. తను సారమ్మను ఆపడం తప్పని ఆయన అనలేదు. ఎవరూ అడగనూ లేదు.

బయట కొమురయ్య ఎదురయ్యాడు. మాట అప్పుడే అతని దాకా పోయింది.

"ఏందయ్యా ప్రేమదాసూ, ఆంధ్రాయన పోతపోత నీకు కుర్చీ ఇప్పిచ్చి పోయిండట. గందుకేనా ఇప్పుడు రాగి కత, సున్నం కత చెప్తున్నవ్? సారక్క ఒక్కతి ధైర్నం చేసింది, దాన్ని గూడ మాపుతవా?"

"ఆమె చెయ్యలేదు కొమురయ్యా. అన్యాయంగ తరిమినం ఆమెను."

"మనమెక్కడ తరిమినం? మనం దండం పెట్టినం" అన్నాడు కొమురయ్య. నిజంగానే నొచ్చుకున్నాడు.

చీర, మల్లప్ప చెప్పిన మాట పట్టుకుని ప్రేమదాసు మళ్లీ మొయినాబాద్ పోయాడు. సారమ్మ చీర విప్పి చూడకుండానే పక్క గుడిసె ఆమెకు ఇచ్చేసింది. గుడిలో చెప్పానని అతను అంటే, "చెప్పినవా? మంచిది" అంది. మల్లప్ప రమ్మన్నాడంటే నవ్వింది. "ఆడ విరిచే రొట్టెనే ఈడ గూడ విరుస్తున్నరని చెప్పు పెద్దయ్యకు. ఈడ నన్నెవ్వలు ఏమడుగలె." ఆమె మళ్లీ చేవెళ్ల రాలేదు. నాలుగేళ్లకు మొయినాబాద్‌లోనే పోయింది. కబురు అంత్యక్రియలయ్యాక అందింది.

ప్రేమదాసు ల్యాబ్ అసిస్టెంటుగానే రిటైరయ్యాడు. ఉద్యమం రోజుల ముచ్చట్లు వచ్చినప్పుడు చేవెళ్లలో ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకునేవారు: చదువు లేని ఒక ఆడమనిషి ఆంధ్రా సారు చేపలకు మందు పెట్టి ఎట్లా తరిమిందో అని. చెప్పేవాళ్లు గర్వంగా చెప్పేవారు, వినేవాళ్లు మెచ్చుకునేవారు. మొదట్లో ప్రేమదాసు అడ్డుపడి అది అట్లా కాదని మొత్తం చెప్పేవాడు. వాళ్లు మర్యాదకు విని, అతను లేచి పోయాక పాత కథే మళ్లీ చెప్పుకునేవారు. తర్వాత తర్వాత అతను అడ్డుపడటం మానుకున్నాడు.